కంతు నెలకోసారి, పంట ఏడాదికోసారి

మా నల్లమాడ పక్క కారు కొనాలనే మాట చెనక్కాయలు అమ్ముడుపోయాకే పుడుతుంది. వాన సమయానికి పడి, కాయ గట్టిపడి, వ్యాపారి తూకం వేసి దుడ్లు చేతిలో పెట్టిన ఏడు ఆ మాట నాలుగైదు ఇళ్లలో ఒక్కసారే వినిపిస్తుంది. అట్లాంటి ఏళ్లు తక్కువ కాబట్టి, వచ్చినప్పుడు తొందర ఎక్కువ. "మామా, చిన్న కారొకటి తీసుకుందామనుకుంటాండా, రొంత లెక్క చూడు" అంటూ ఎవరో ఒకరు మా అరుగు మీద కూర్చుంటారు. ఊళ్లో నలుగురికీ అర్జీలూ బ్యాంకు కాగితాలూ రాసిపెట్టే అలవాటు నాకుంది. ఆ పనికి ఈ కార్ల లెక్క ఎప్పుడు జతపడిందో గానీ, ఇప్పుడు అన్నిటికంటే ఇష్టంగా చేసేది ఇదే.

వచ్చినవాళ్లు ముందు రంగు చెబుతారు, తర్వాత కంపెనీ పేరు. నేనడిగేది వేరే. పోయిన ఏడాది బాడుగ కారు ఎన్నిసార్లు పిలిచినావు? ఎక్కడెక్కడికి? ఎవరెవరు ఎక్కినారు? వీటికి జవాబులు కాగితం మీద పడేదాకా ఏ కారు బాగుంటుందనే మాట ఎత్తను. కొందరికి విసుగొచ్చి లేచిపోతారు. అట్లా పోయినవాళ్లు మరుసటి వారం కొత్త కారులో వచ్చి హారన్ కొట్టి మరీ చూపించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఈ మధ్య ఆ విసుగు ఇంకా పెరిగింది. 2025 సెప్టెంబరు 22న, దసరా నవరాత్రులు మొదలైన రోజే, చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పెట్రోలు కారైతే ఇంజను 1200 సీసీ, పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. మీద ఉన్న సెస్సు కూడా పోయింది. మారుతి ఎస్-ప్రెస్సో 3.50 లక్షలకు, ఆల్టో కె10 3.70 లక్షలకు, రెనో క్విడ్ 4.30 లక్షలకు మొదలని అప్పుడు పేపర్లలో పడింది. పిల్లల్లో ఒకణ్ణి ట్యాంకు మీద, ఇంకొకణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని కదిరి నరసింహస్వామి తేరుకు మోటారు సైకిలు మీద పోయే ప్రతి తండ్రికీ ఆ మూడున్నర అనే అంకె తన కోసమే వేసినట్టు కనిపించింది.

అట్లా అనుకోవడంలో తప్పేమీ లేదు. వానలో స్కూటరు మీద పోతున్న ఒక కుటుంబాన్ని చూశాకే రతన్ టాటాకు లక్ష రూపాయల కారు ఆలోచన వచ్చింది. 2008 జనవరి 10న ఢిల్లీలో నానోను చూపించారు, 2009 మార్చిలో మార్కెట్లోకి తెచ్చారు. పదేళ్లు తిరిగేసరికి దాని తయారీ ఆగిపోయింది. సింగూరులో కార్ఖానా భూముల గొడవ, కొన్ని బండ్లకు మంటలంటుకోవడం కారణాలే గానీ, 'అన్నిటికంటే చౌక కారు' అన్న పేరు కొట్టిన దెబ్బ వాటికంటే పెద్దది. ఆ పేరుతో అమ్మడం పొరపాటని టాటాయే తర్వాత ఒప్పుకున్నాడు. మనిషి కారు కొనేది తడవకుండా పోవడానికి మాత్రమే కాదు, పెళ్లి పందిరి ముందు దిగినప్పుడు నలుగురి కళ్లలో పడటానికి కూడా. ఆ కోరికను చిన్నచూపు చూసేవాళ్లు ముందు తాము ఏ బండిలో తిరుగుతున్నారో చూసుకోవాలి. ఆనాటి నానో లక్షకు ఇప్పుడొక మోస్తరు మోటారు సైకిలు వస్తుంది, అంతే.

మాకు ఇంకో తమాషా ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ఖానా ఉంది. 2017లో ఒప్పందం, 2019 జనవరిలో తొలి ట్రయల్ కారు, అదే ఏడు డిసెంబరు 5న ప్రారంభోత్సవం. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగలిగేట్టు కట్టిన కార్ఖానా అది. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు వచ్చి, అక్కడి నుంచి దానికి పోతాయి. కొత్త కార్లను రెండంతస్తులుగా పేర్చుకుని పోయే పొడవాటి లారీలు 44వ నంబరు జాతీయ రహదారి మీద మాకు కొత్త కాదు. అయితే అక్కడ తయారయ్యే వాటిలో చవకదైన సోనెట్ కూడా ఏడు లక్షల పైమాటే. మా వాళ్లకు అందే ఆల్టో హర్యానా నుంచి రావాలి, క్విడ్ చెన్నై పక్క ఒరగడం నుంచి రావాలి. కార్ఖానా మన జిల్లాలో ఉంటే కారు మనకేమన్నా తగ్గించి ఇస్తారా అని అడిగినవాళ్లున్నారు. నవ్వేశాను గానీ, నీళ్లిచ్చిన పక్కవాళ్లకు ఆ మాత్రం ఆశ పుట్టడం అన్యాయమనిపించలేదు.

ఇక లెక్క. ఆల్టోకు అప్పుడు చెప్పిన 3.70 లక్షలనేది షోరూం గోడ మీద అంకె. లైఫ్ టాక్సు నూటికి పదికి పైనే. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి కట్టాలని 2018 నుంచి నిబంధన. ఇంకా రిజిస్ట్రేషను, ఫాస్టాగు, సీటు కవర్లు. కారు ఇంటి ముందుకొచ్చేసరికి నాలుగున్నర లక్షల దగ్గరికి పోతుంది. పదేళ్లు వాడి లక్షకు అమ్మినామనుకుందాం. ఏడాదికి 35 వేలు కరిగిపోయినట్టు. ఇన్సూరెన్సుకు ఎనిమిది వేలు, సర్వీసుకూ టైర్లకూ బ్యాటరీకీ సగటున ఏడు వేలు వేసుకుంటే మొత్తం 50 వేలు. కారు షెడ్డులో కదలకుండా నిలబడి ఉన్నా ఇది అయ్యే ఖర్చు. కదిలితే పెట్రోలు. లీటరు 110 రూపాయలు, ఇరవై కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు ఐదున్నర. బాడుగ కారుకు కిలోమీటరుకు 15 రూపాయలు వేసుకుంటే, సొంత కారులో తిరిగిన ప్రతి కిలోమీటరుకూ తొమ్మిదిన్నర మిగులుతుంది. ఆ మిగులు 50 వేలకు చేరాలంటే ఏడాదికి దాదాపు 5,300 కిలోమీటర్లు తిరగాలి. అంటే నెలకు 440. మా ఊరి నుంచి కదిరికో పుట్టపర్తికో రానూపోనూ ఇంచుమించు అరవై పడుతుంది కాబట్టి, నెలకు ఏడుసార్లు. బాడుగలో డ్రైవరు బత్తా, నిలబెట్టిన గంటలకు అదనం కలుపుకుంటే ఆరు అనుకోండి. అంతకంటే తక్కువ తిరిగే ఇంటికి బాడుగ కారే చవక.

చాలా ఇళ్లలో ఆ ఆరు రావు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. కాలేజీకి పోయే కూతురు, ఆసుపత్రికి పోయే అత్త, సంతకు పోయే భార్య, ఈ ముగ్గురి ప్రయాణాలూ లెక్కలోంచి చాలావరకు తీసేయాల్సిందే. కారు కొనాలని వచ్చిన మొగవాడికి ఈ సంగతి చెబితే మొహం చిన్నబోతుంది. ఇంట్లోవాళ్ల కోసమే కొంటున్నానని అప్పటిదాకా చెప్పింది తనే కదా.

అయినా ఈ లెక్కతో కాగితం మడిచి ఇచ్చేస్తే నేను సగం పనే చేసినట్టు. పల్లెలో కారు లేనివాడికి ఖర్చు దుడ్లలో తెలియదు, అడగడంలో తెలుస్తుంది. రాత్రి రెండింటికి నాయనకు ఊపిరి ఆడకపోతే 108 ఉంది, నిజమే. వస్తుంది, తీసుకుపోతుంది. మూడో రోజు ఆయన్ని ఇంటికి తెచ్చుకోవడానికి 108 రాదు. కూతుర్ని చూడటానికి పెళ్లివారు వస్తామంటే, బాలింతను పుట్టింటికి తేవాలంటే, బాడుగ కారు ఆ రోజు ఇంకెవరికో ఒప్పుకుని ఉంటుంది. అప్పుడు కారున్న దాయాది ఇంటి ముందు నిలబడాలి. ఆయన తాళం ఇస్తాడు. ఇచ్చిన సంగతి ఆర్నెల్లపాటు ఏదో ఒక మాటలో గుర్తుచేస్తాడు. ఇట్లా అడగాల్సిన పని లేకుండా బతకడానికి ఏడాదికి ఎంత పెట్టగలవు? ఇరవై వేలా, ముప్పై వేలా? సొంత కారుకూ బాడుగకూ ఉన్న తేడా అంతలోపల ఉంటే కొనమనే చెబుతాను. ఆ అంకె నేను వేయలేను, ఎవరింటి అంకె వాళ్లే వేసుకోవాలి. చిత్రంగా, చాలామంది ఈ ప్రశ్నకు మాత్రం ఆలోచించకుండా జవాబు చెబుతారు.

అసలు చిక్కు ధర దగ్గర లేదు, కంతు దగ్గర ఉంది. మూడు లక్షల అప్పు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లకైతే నెలకు 6,300. ఏడేళ్లకైతే 4,900. షోరూంలో కుర్రాడు రెండోదే చెబుతాడు, తక్కువగా వినపడుతుంది కాబట్టి. ఏడేళ్లూ కట్టేసరికి మూడు లక్షలకు నాలుగు లక్షల పన్నెండు వేలు అవుతుంది. అంతకంటే ముఖ్యం, వానమీద బతికే చెనక్కాయల రైతుకు దుడ్లు ఏడాదికి ఒక్కసారి వస్తాయి, వస్తే. కంతు పన్నెండు సార్లు వస్తుంది, తప్పకుండా. ట్రాక్టరు అప్పుకు ఆర్నెల్లకోసారి కట్టే వీలు ఉంటుంది గానీ కారుకు అట్లా ఇచ్చే బ్యాంకును వెతుక్కోవాలి. ఇదే కంతు ఇద్దరూ ఉద్యోగాలు చేసే టీచర్ల ఇంట్లో లెక్కలోకే రాదు. మల్బరీ వేసి హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తోలే రైతుకు ఏడాదిలో ఐదారు పంటలు చేతికొస్తాయి, ఆయనా తట్టుకోగలడు. రెండు పాడి ఆవులున్న ఇంట్లో పదిహేను రోజులకోసారి పాల దుడ్లు పడతాయి. అందుకే నేను ఎకరాలు అడగను. దుడ్లు ఏ నెలల్లో వస్తాయని అడుగుతాను. పదెకరాల చెనక్కాయల ఆసామికి వద్దని చెప్పి, ఎకరంన్నర మల్బరీ ఉన్నవాడికి సరేనన్నందుకు నాతో మాట్లాడటం మానేసినవాళ్లున్నారు.

అప్పు తగ్గించుకోవడానికి బెంగుళూరు పాత కార్ల మీద మనసు పోతుంది. అక్కడ పదేళ్లు తిరిగిన కేఏ నంబరు బండ్లు మా పక్క లెక్కలేనన్ని. కర్ణాటక నుంచి ఎన్ఓసీ తేవాలి, మన రాష్ట్రంలో మళ్లీ లైఫ్ టాక్సు కట్టాలి, పదిహేనేళ్లు నిండగానే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను తిరగరాయించాలి. ఇవేవీ చేయకుండా పాత ఓనరు పేరుతోనే తిప్పుతుంటారు. ఇన్సూరెన్సు ఎవరి పేరున ఉందో ప్రమాదం జరిగిన రోజు గానీ గుర్తుకు రాదు. నమ్మకమైన మెకానిక్కు ఇంట్లోనే ఉంటే తప్ప, పాతదాని కంటే కొత్తలో కింది మోడలే నయమంటాను.

కింది మోడల్ అంటే ఏమేమి ఉండవో కూడా తెలియాలి. పాటల పెట్టె ఉండదు, వెనక అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, బంపర్లు నల్లగా ఉంటాయి. ఇవన్నీ వదులుకోవచ్చు. కొన్ని కంపెనీల అట్టడుగు మోడల్లో ఏసీ ఉండకపోవచ్చు. ఏప్రిల్లో మధ్యాహ్నం ముదిగుబ్బ రోడ్డు మీద పోయేవాడికి అది సోకు కాదు. అక్కడ ఒక మెట్టు పైకి పోవాల్సిందే. నేల నుంచి ఎత్తు చూడాలి. ఎస్-ప్రెస్సోకు 180 మిల్లీమీటర్లు, క్విడ్‌కు 184. పల్లెల్లో ఇంటింటికీ ఒకటి చొప్పున వేసుకున్న హంపులు దాటడానికి ఆ ఎత్తు అక్కరకొస్తుంది. బ్రేకుకు ఏబీఎస్ 2019 నుంచి, ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి ఎంత చవక కారుకైనా తప్పనిసరి. 2025లో ఆల్టో కె10కు ఆరు బ్యాగులు ఇచ్చారు. అంతకుముందు రెండు బ్యాగులతో ఉన్న ఆల్టోను 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసి, పెద్దవాళ్ల రక్షణకు రెండు స్టార్లు, పిల్లల రక్షణకు సున్నా ఇచ్చారు. అందుకని నేను చెప్పేది ఒకటే: మన ఊరి రోడ్ల మీద యాభైలో పో, మోటారు సైకిలు మీద నలుగురు పోవడం కంటే వెయ్యి రెట్లు మేలు. దాన్నే తీసుకుని బెంగుళూరు హైవే మీద నూటపది కొట్టాలనుకుంటే మాత్రం అది ఆ పనికి చేసిన బండి కాదు.

మొన్న వచ్చినవాడికి నాలుగెకరాల చెనక్కాయలు, రెండు ఆవులు. నెలకు నాలుగుసార్లు కూడా తిరగడు. తల్లికి మోకాళ్లు పట్టేసి బస్సు మెట్టెక్కలేదు. చేతిలో రెండు లక్షల పైచిలుకు ఉంది. లెక్కంతా చూపించి, ఇంకో పంట చూసుకుని కొందువులే, అప్పుడు అప్పు ఇంకా తగ్గుతుంది అన్నాను.

"ఇంకో పంట వస్తాదని ఎవరు చెప్పినారు మామా? ఈ దుడ్లు ఇట్లే పెట్టుకుంటే వచ్చే ఏడు బోరుకు పోతాయి. నీళ్లు పడకపోతే బోరూ ల్యా, కారూ ల్యా."

ఆ మాటకు నా కాగితంలో గడి లేదు. సగానికి తక్కువ కాకుండా ముందే కట్టు, మిగతాది మూడేళ్లలో తీరేట్టు రాయించుకో, పాల దుడ్లు పడే తేదీ చూసి కంతు తేదీ పెట్టించుకో అన్నాను. ఏసీ ఉన్న మోడలు తీసుకో, పాటల పెట్టె వద్దను. సరేనని రాసిన కాగితం జేబులో పెట్టుకుని, ఎరుపు బాగుంటుందా తెలుపు బాగుంటుందా అని అడిగాడు. మన దుమ్ముకు తెలుపు కంటే బూడిద రంగు మేలని చెప్పాను.