మన్రోలప్ప ఎవరి పేరు?

ప్యాపిలిలో మా జేజి చెప్పే పాత ముచ్చట్లలో ఒక పేరు తరచూ వచ్చేది: మన్రోలప్ప. ఆమె చిన్ననాటి దూరపు చుట్టమెవరో. అదేదో ఊరి దేవుడి పేరనుకునేవాణ్ణి. ఇంజనీరింగ్‌లో ఉండగా తెలిసింది, అది స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇంటిపేరని.

సర్ థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రధాన కలెక్టర్. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న మాకు దగ్గర్లోని పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ తర్వాత కూడా సీమలో చాలాకాలం పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు.

ఈ పేరును ఒక చిన్న రచనలాగా చదవొచ్చు. జనం థామస్‌ను వదిలేసి మన్రోను పట్టుకున్నారు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, పిలిచే పేరు చివర్న ఉంటుంది. కాబట్టి చివర వినిపించిందే అసలు పేరనుకుని ఉంటారని నా ఊహ. దానికి రాములప్ప వరసలో 'అప్ప' తగిలించారు. దొర కాస్తా నాయనయ్యాడు. కొందరు ఇంకో అడుగేసి మాండవ్య ఋషే మళ్ళీ పుట్టాడన్నారు. చావుకు ముందు గండి కొండల మధ్య ఆయనకు బంగారు తోరణం కనిపించిందని కథ కూడా కట్టారు.

ఇదంతా ప్రేమేనా? అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. పాలెగాళ్ళను అణచిందీ, రైత్వారీలో రైతుతో నేరుగా శిస్తు కట్టించిందీ ఈయనే. ఆ శిస్తు ఎంత బరువంటే, నాలుగో వంతు తగ్గించాలని 1807లో తనే సిఫారసు చేశాడు. ఇదే నేల మీద 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడ్డాడు. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. ఆయన పాటయ్యాడు, మన్రో పేరయ్యాడు. ఎవరో ఒకర్ని ఎంచుకోమంటాం మనం. జనం ఇద్దర్నీ ఉంచుకున్నారు.

అందుకే ఈ పేరును బానిస బుద్ధి అని కొట్టేసే విమర్శ నాకు చాలదు. కలెక్టర్ రాసినవి సంపుటాలుగా అచ్చయ్యాయి. రైతు వైపు నుంచి మిగిలిన రాత చాలా తక్కువ. అందులో ఈ పేరొకటి. చదవకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఆఫీసులో విదేశీ టీమ్ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తుంది. ఫారంలో మొదటి గడిలో అది పడింది మరి. నేనూ పలుకుతున్నాను. మన్రోకు జరిగిందీ ఇలాంటిదే. కాకపోతే మావాళ్ళు ఆ పేరు చివర 'అప్ప' అని చేర్చారు. నా పేరుకు ఇంకా ఎవరూ ఏమీ చేర్చలేదు.