ఆన్ ఫ్రాంక్ డైరీ - ఎవరి కత్తెర?

ఎదిగే ఆడపిల్లల చేతికి పెద్దవాళ్ళు ధైర్యంగా ఇచ్చే పుస్తకాల్లో ఆన్ ఫ్రాంక్ డైరీ ఒకటి. కల్పన కాదు, చరిత్ర. రాసింది వాళ్ళ ఈడు పిల్లే. చదివితే మంచే తప్ప చెడు జరగదని అందరికీ నమ్మకం. ఈ నమ్మకం మీదే నాకు అనుమానం. ఒక అమ్మాయి రాసుకున్న మాటలు ఇంత నిరపాయంగా ఎలా తయారయ్యాయి?

ఈ డైరీని మనం చిన్నపిల్ల అమాయకపు ఊసులుగా చదువుతాం. కానీ ఆన్ తన రాత మీద తనే పనిచేసిన రచయిత్రి. 1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చిన డచ్ రేడియో ప్రసారంలో ప్రవాస ప్రభుత్వ మంత్రి బోల్కెస్టైన్, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు భద్రపరచమని కోరాడు. అది విన్న ఆన్ మే నెలలో తన డైరీని మొదట్నించీ తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది. పుస్తకానికి పేరు కూడా తనే ఎంచుకుంది. ఆగస్టు 4న అరెస్టయ్యేనాటికి మార్చి 29 వరకే తిరగరాయగలిగింది.

అజ్ఞాతంలో ఉన్న ఎనిమిది మందిలో బతికి బయటపడింది తండ్రి ఓట్టో ఒక్కడే. రెండు ప్రతుల్నీ కలిపి ఆయన తయారుచేసిన పుస్తకం 1947లో వచ్చింది. ఆన్ తన శరీరం గురించి రాసుకున్న భాగాలు, తల్లి ఎడిత్ మీద రాసిన కటువైన మాటలు కొన్ని అందులో లేవు. ఆష్విట్జ్‌లో చనిపోయిన భార్య పరువు కాపాడాలనుకున్న భర్త బాధ నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ప్రశ్న ఆగదు.

ఎందుకంటే ఇక్కడొక విచిత్రముంది. పీటర్ మీద తన ప్రేమ గురించి రాసినదాన్ని ఆన్ తిరగరాతలో చాలావరకు వదిలేసింది. తండ్రి పాత ప్రతిలోంచి తెచ్చి మళ్ళీ చేర్చాడు. అమ్మాయి కథలో ప్రేమ ఉండొచ్చు, శరీరం మాత్రం ఉండకూడదన్నమాట! ఇది ఒక్క తండ్రి తీర్పు కాదు. తొంభైల్లో సంపూర్ణ ప్రతి వచ్చాక కూడా, 2013లో అమెరికాలోని మిచిగన్‌లో, ఆన్ తన జననేంద్రియాల్ని వర్ణించుకున్న పేజీ అశ్లీలమని పాఠశాలకు ఫిర్యాదు చేశారు. అదృష్టవశాత్తూ పాఠశాల ఆ పుస్తకాన్ని తీసెయ్యలేదు.

తల్లి మీది కోపం కూడా వట్టి వయసు దుడుకుతనం కాదు. అమ్మలాగా ఇంటిపనిలో మునిగి, ఎవరికీ గుర్తులేకుండా పోయే బతుకు తనకొద్దని ఆన్ స్పష్టంగా రాసింది. పదిహేనో పుట్టినరోజు దాటిన వెంటనే, స్త్రీలను ఎందుకు తక్కువగా చూస్తారని నిలదీసింది. సైనికులకు దక్కే గౌరవం, పురుటినొప్పులు పడే స్త్రీకి ఎందుకు దక్కదని అడిగింది. ఆ ప్రశ్న పక్కన పెట్టి చదివితే తల్లి మీది మాటలు ద్వేషంలా కనిపించవు. తన ముందున్న ఏకైక నమూనాను తిరస్కరించే పెనుగులాటలా కనిపిస్తాయి. వాటిని తీసేస్తే తల్లి పరువు నిలబడిందేమో గానీ, కూతురి ఆలోచన సగమైంది.

అయితే ఒక జాగ్రత్త మనకీ అవసరం. ఆన్‌ని శిబిరానికి పంపింది ఆడపిల్ల అయినందుకు కాదు, యూదు అయినందుకు. ఆ నిజాన్ని పలచన చేసే స్త్రీవాద పఠనం ఇంకో కత్తెరే అవుతుంది. బెర్గెన్-బెల్సెన్‌లో పదిహేనేళ్ళకే చనిపోయిన ఆ అమ్మాయిలో రెండూ ఉన్నాయి.

నా విద్యార్థినులకు నేను సంపూర్ణ ప్రతినే ఇస్తాను. ఏ మాట ఎవరు తీశారు, ఎవరు కలిపారు అని అడుగుతూ చదవమంటాను. తెలుగులోకి ఈ డైరీని ఎవరు తెచ్చినా, ఏ ప్రతినుంచి తెచ్చారో ముందుమాటలో చెప్పి తీరాలి. ఆమాత్రం తెలుసుకునే హక్కు చదివే ఆడపిల్లలకుంది.