పెద్ద చేతికి పాత ఎలక్ట్రిక్ గిటార్

చెయ్యి పెద్దదని చూడగానే దుకాణంలో ఇచ్చే సలహా ఒకటే: వెడల్పు నెక్ ఉన్న గిటార్ తీసుకోండి. చాలామంది విషయంలో ఈ సలహా గురి తప్పుతుంది. పెద్ద చేతులన్నీ ఒకే రకం కావు మరి. కొందరికి వేళ్లు పొడుగు, కొనలు సన్నం. ఇంకొందరికి వేళ్ల పొడవు మామూలే, కొనలు మాత్రం లావు. మొదటివారికి అరచేతిని నింపే మందం కావాలి. రెండోవారికి తీగకీ తీగకీ మధ్య చోటు కావాలి.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి ‘ఏ’ మేజర్ కార్డ్ పట్టి చూడండి. రెండో ఫ్రెట్‌లో మూడు వేళ్లు పక్కపక్కనే సర్దుకోవాలి. అక్కడ చోటు చాలక అట్టడుగు సన్న తీగ మూగబోతోందంటే ఇబ్బంది వేలి లావుతో. తీగలన్నీ శుభ్రంగా పలుకుతూనే, కాసేపటికి బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతోందంటే నెక్ మీ చేతికి పలచన. లావు వేళ్లవారికి ఓ పాత ఉపాయం ఉంది. ఆ మూడు తీగల్నీ చూపుడు వేలు ఒక్కదాన్నే పడుకోబెట్టి నొక్కేయడం. రాక్ గిటారిస్టులు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది, ఇందులో తప్పేమీ లేదు.

ఇక కొలతలు. గిటార్ తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీని నట్ అంటారు. దాని వెడల్పు ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో సాధారణంగా 42 మి.మీ., గిబ్సన్ లెస్ పాల్‌లో 43, యమహా పసిఫికా 112లో 41. క్లాసికల్ గిటార్‌కైతే 52 ఉంటుంది. స్ట్రాట్ నుంచి లెస్ పాల్‌కి మారితే వేళ్లకు చోటు దొరుకుతుందని ఆశపడేవారు ఒక లెక్క వేసుకోవాలి. పెరిగిన ఆ ఒక్క మిల్లీమీటరును ఆరు తీగల మధ్య ఉన్న ఐదు ఖాళీలకు పంచితే ఒక్కోదానికి దక్కేది 0.2 మి.మీ. అసలు తేడా రెండో కొసన, అంటే బ్రిడ్జ్ దగ్గర ఉంది. పాత తరహా ఫెండర్ బ్రిడ్జ్ మీద మొదటి తీగకీ ఆరో తీగకీ మధ్య 56 మి.మీ. దూరం. గిబ్సన్‌లో అది దాదాపు 50. తీగలు నట్ నుంచి బ్రిడ్జ్ వైపు విచ్చుకుంటూ పోతాయి కాబట్టి, 12వ ఫ్రెట్ చేరేసరికి పాత తరహా ఫెండర్ మీదే చోటు ఎక్కువ. లావు వేళ్లవారు కొనేముందు స్కేలు పెట్టి కొలవాల్సిందిక్కడ. నట్ దగ్గర చోటు చాలకపోతే, పనితెలిసిన మెకానిక్ గాడులను కాస్త ఎడంగా కోసి కొత్త ఎముక నట్ వేసిపెడతాడు. మరీ అంచుకు జరిపితే మాత్రం సన్న తీగ నెక్ మీంచి జారిపోతుంది.

స్కేల్ పొడవు, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు గురించి జరిగే చర్చ నా దృష్టిలో అవసరానికి మించింది. ఫెండర్‌ది 648 మి.మీ., గిబ్సన్‌ది దాదాపు 628. మొదటి ఫ్రెట్‌లో ఆ తేడా ఒక్క మిల్లీమీటరుకు కాస్త పైన. ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర రెంటిలోనూ మిగిలే చోటు 12 మి.మీ. అటూఇటూగా ఉంటుంది. లావు వేలు అక్కడ ఎలాగూ పక్క వేలికి దారివ్వాల్సిందే.

మందం దగ్గర మాత్రం నిదానించి చూడాలి. 1950ల తొలినాటి టెలికాస్టర్ నెక్‌లలో కొన్ని అంగుళం మందానికి దగ్గరగా ఉండేవి. 1959 లెస్ పాల్ నెక్ గుండ్రంగా, నిండుగా చేతిలో కూర్చుంటుంది. మరుసటి ఏడాదే గిబ్సన్ దాన్ని సన్నబరిచింది. 1987లో ఐబనీజ్ ఆర్‌జీ వచ్చేసరికి వేగంగా వాయించేవాళ్ల కోసం విజార్డ్ నెక్ 17 మి.మీ.కి దిగింది. పొడుగు వేళ్లున్న మనిషి దాన్ని పట్టుకుంటే అరచేతికీ చెక్కకీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి బొటనవేలు అదేపనిగా నొక్కుతూ ఉండాలి. నొప్పి పుట్టేది అక్కడే. నిండైన నెక్ అయితే చేతిని తనే మోస్తుంది.

అయినా దీన్ని సూత్రం చేయకూడదు. రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ చేతులు బాగా పెద్దవి. ఆయన మామూలు వెడల్పు స్ట్రాట్‌నే తిరగేసి ఎడమచేతి వాటంగా వాయించాడు. బొటనవేలిని నెక్ పైనుంచి తిప్పి లావు తీగ నొక్కేవాడు. దాంతో తక్కిన నాలుగు వేళ్లూ ఖాళీ అయ్యి కార్డ్ మధ్యలోనే చిన్న చిన్న అల్లికలు అల్లేవి. 1967 నాటి ‘లిటిల్ వింగ్’ ఆరంభం వినండి, పెద్ద చేతికి ఉన్న వరం తెలుస్తుంది. ఆ బాణీ మీకు ఇష్టమైతే వెడల్పు నెక్ జోలికి పోకండి, బొటనవేలు చుట్టూ తిరగదు.

ఇన్ని రకాల నెక్‌లు ఒకే బడ్జెట్‌లో కనబడేది సెకండ్ హ్యాండ్‌లోనే. పైగా ఏళ్ల తరబడి వాయించిన నెక్ అంచులు అరిగి నునుపెక్కి ఉంటాయి. కొత్త గిటార్‌కి ఆ సుఖం రాదు. పాతదని ఏదిపడితే అది కొనకండి. 1960ల నడుమ నుంచి కొన్నేళ్లు గిబ్సన్ నట్ వెడల్పును దాదాపు 40 మి.మీ.కి కుదించింది, లావు వేళ్లకు అవి పనికిరావు. 1960ల ఫెండర్ నెక్ మడమ మీద ఏ, బీ, సీ, డీ అచ్చులు వెడల్పును చెబుతాయి. ఎక్కువ కనబడే బీ అంటే 41.3 మి.మీ., అరుదైన సీ అంటే 44.5.

చేతిలోకి రాగానే గిటార్ అడుగు చివర నుంచి నెక్ వెంట ఒంటికంటితో చూడండి, మెలి ఉంటే తెలిసిపోతుంది. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ పైన ఖాళీ చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే బాగున్నట్టు. ఎక్కువుంటే నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్, తిరుగుతోందా లేదా అన్నది తప్పక అడగాలి. అది బిగుసుకుపోయిన గిటార్ ఎంత చవకైనా వద్దు. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద గుంటలు పడి ఉంటే, ఫ్రెట్లు మార్పించే ఖర్చును బేరంలో తగ్గించుకోవాలి. లెస్ పాల్ రకాల్లో నట్ వెనక విరిగి అతికించిన గీత ఉందేమో గోటితో రాసి చూడండి. విశాఖ, కాకినాడల ఉప్పుగాలి తగిలిన గిటార్ అయితే బ్రిడ్జ్ మరలు తుప్పుపట్టాయేమో చూడాలి.

బలమైన చేతికి మరో జాగ్రత్త ఉంది. ఎత్తైన జంబో ఫ్రెట్ల మీద గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. ట్యూనర్ పెట్టి, కార్డ్ పట్టి, మామూలుగా మీరు నొక్కే బలంతోనే నొక్కి చూడండి.

రెండు నిమిషాల్లో ఏ నెక్ అయినా బాగానే అనిపిస్తుంది, నొప్పి తెలిసేది అరగంటకి. కూర్చుని, నిలబడి, బార్ కార్డ్‌లతో అరగంట వాయించి చూడండి. అంతసేపు వాయించనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.