గచ్చులోనే నగిషీ

బొంబాయిలో 1937లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ ‘ఐడియల్ హోమ్ ఎగ్జిబిషన్’ పెట్టింది. కొత్త కాలపు ఇల్లు ఎలా ఉండాలో జనానికి చూపించాలన్నది దాని ఉద్దేశం. అది సరైన సమయమే. అప్పటికి బ్యాక్‌బేలో సముద్రాన్ని పూడ్చిన నేల మీద, ఓవల్ మైదానం పక్కన, మెరీన్ డ్రైవ్ వెంబడి వరసగా ఫ్లాట్లు లేస్తున్నాయి. ఉమ్మడి కుటుంబాల పెద్ద ఇళ్లు వదిలి వ్యాపారులూ డాక్టర్లూ లాయర్లూ వాటిలోకి చేరుతున్నారు. కరెంటు దీపం, కుళాయి నీళ్లు, గడప దాటకుండానే స్నానాలగది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తాతల నాటి పందిరి మంచం వేస్తే ఆ గదిలో మనిషి తిరగడానికి చోటుండదు. మరి ఈ ఇంటికి అందం ఎక్కణ్ణుంచి రావాలి?

రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో చాలా దేశాల గృహాలంకరణనీ వేధించిన ప్రశ్న ఇదే. పారిస్‌లో 1925 నాటి అలంకరణ కళల ప్రదర్శన ఖరీదైన కలపతో, లక్కపూతతో, దంతపు పనితో జవాబిచ్చింది. ఆర్ట్ డెకో శైలికి ఆ పేరు దక్కింది ఈ ప్రదర్శన వల్లే. జర్మనీలో బౌహౌస్ కళాశాల వాళ్లు నగిషీ అసలు వద్దన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో ఇరుకు ఫ్లాట్ల కోసం వంటగదిని అంగుళం అంగుళం లెక్కగట్టి గీసింది. మన దేశంలో ఇందోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ తన మాణిక్‌బాగ్ ప్యాలెస్‌ను జర్మన్ వాస్తుశిల్పి ఎకార్ట్ ముతేసియస్ చేత ఆధునిక ధోరణిలో తీర్చి దిద్దించుకున్నాడు.

మహారాజుకు చెల్లింది కానీ, నెలనెలా అద్దె కట్టేవాళ్లకు దంతపు పనులు ఎక్కణ్ణుంచి వస్తాయి? బొంబాయి ఫ్లాటు నగిషీని సామాను మీంచి తీసి ఇంటి ఒంటికే ఎక్కించింది. కిటికీ ఊచలు అలలయ్యాయి, మెట్ల రెయిలింగు ఉదయించే సూర్యుడి కిరణాలయింది. గోడల మూలలు గుండ్రబడ్డాయి. బీరువాలు గోడల్లోకి దూరాయి. అన్నిటికన్నా ఎక్కువ పనితనం చేరింది మాత్రం కాళ్ల కింది గచ్చులో.

ఆ గచ్చు రెండు రకాలు. మొదటిది సిమెంటు టైలు. ఫిరోజ్‌షా, రుస్తుం సిధ్వాలు స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో 1922లో నెలకొల్పిన భారత్ టైల్స్ కంపెనీ దీనికి పేరుమోసింది. టైలు పోసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఇనప చట్రంలో ముగ్గు గీతల్లా వంపులు తిరిగిన ఇత్తడి అచ్చును దించుతారు. తెల్ల సిమెంటు, పాలరాతి పొడి, రంగు కలిపిన ముద్దను ఒక్కో గడిలో గరిటెతో పోస్తారు. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లవి, ఆకుపచ్చ క్రోమియందీ. అచ్చును చెయ్యి వణక్కుండా పైకి తీస్తే రంగులు గీత దాటవు. పైన పొడి సిమెంటు, ఇసుక చల్లితే తడి పీల్చేస్తుంది. అప్పుడు ప్రెస్ కింద పెట్టి గట్టిగా నొక్కుతారు. బోర్లా పోసిన టైలు కాబట్టి, తిప్పాక గానీ బొమ్మ కనబడదు. బట్టీతో పనిలేదు, కొన్నాళ్లు నీళ్లలో నానితే చాలు. రంగు పైపూత కాదు, కొన్ని మిల్లీమీటర్ల లోతుంటుంది. అరిగేకొద్దీ కిందా అదే రంగు.

రెండోది మొజాయిక్. నేల మీద ఇత్తడి పట్టీలో, గాజు పట్టీలో నిలబెట్టి గళ్లు కడతారు. అందానికే కాదు, సిమెంటు ఆరి బిగుసుకునేటప్పుడు పగులు గది పొడుగునా పాకకుండా పట్టీ ఆపుతుంది. గళ్లలో మార్బుల్ చిప్స్ కలిపిన సిమెంటు పరిచి, గట్టిపడ్డాక కార్బొరండం రాళ్లతో రుద్దుతారు. చిల్లులు తేలిన చోట సిమెంటు పాలు పట్టించి, తడిపి, ఇంకా నున్నటి రాయితో మళ్లీ రుద్దుతారు. చివర్న ఆక్సాలిక్ యాసిడ్ పాలిష్. మంచి మేస్త్రీ నేలా గోడా కలిసే చోటును కూడా మూల లేకుండా గుండ్రంగా తిప్పుతాడు. అక్కడ దుమ్ము నిలవదు, తడిగుడ్డ ఒక్క ఊపులో పోతుంది.

లోపాలు లేవని కాదు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మరక పట్టుకుంటుంది. కింద నేల కుంగితే పగులు తప్పదు. పగిలిన టైలుకు సరిగ్గా అదే రంగు తేవడం కష్టం. అయినా ఇది బాగుచేసుకోగల గచ్చు. వెలవెలబోయినా పైపొర రుద్దితే మెరుపు తిరిగొస్తుంది. పైన అచ్చేసిన బొమ్మ ఉన్న నేటి టైలుకు ఆ అవకాశం లేదు, గీత పడితే మార్చాల్సిందే. ఆ కాలపు గృహాలంకరణ విలువ అందులోని గుండ్రాల్లో, కిరణాల్లో కన్నా ఈ లక్షణంలోనే ఎక్కువ.

మెరీన్ డ్రైవ్, ఓవల్ మైదానం పక్కనున్న ఆ కట్టడాలను యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన వైపు మొజాయిక్ ఇళ్లు ఏ జాబితాలోనూ లేవు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ పాత కాలనీల్లో పెద్దలు ఇష్టపడి వేయించుకున్న గచ్చులు ఇప్పుడు టైల్స్ కింద కప్పబడిపోతున్నాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, పగలగొట్టించే ముందు పాలిష్ మేస్త్రీని పిలిచి ఒక మూల రుద్దించి చూడండి. అప్పటికీ నచ్చకపోతే టైల్స్ దుకాణం ఎక్కడికీ పోదు.