టైరుకో మేర

ఈ వారం మా మేనల్లుడు కారు బీమా రెన్యువల్ కాగితం వాట్సాప్‌లో పంపాడు. ఇంజనుకో కవరు, తాళంచెవికో కవరు, ఆఖర్న టైర్లకో కవరు. "మావయ్యా, ఉంచమంటావా, తీయించెయ్యనా?" నాదో పాత గోల ఉంది. అసలు పాలసీకి తగిలించే ఈ తోక పాలసీలకు పెట్టే డబ్బు దాచుకుని, వారానికోసారి టైర్లలో గాలి చూపించుకోమంటాను. తీసెయ్యరా అని రాయబోయి, చిన్నక్షరాల దగ్గర ఆగిపోయాను.

కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే టైర్లూ అందులోనే అని చాలామంది ధీమా. గుంతలో పడి టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీలో పైసా రాదు. ఆ దెబ్బకి బండి కూడా దెబ్బతింటే కొత్త టైరు ఖరీదులో సగం వస్తుంది. ఈ తోక కవరు ఆ లోటు పూడ్చడానికి. టైరు పక్కగోడ ఉబ్బినా, కోసుకుపోయినా, పేలినా ఇస్తారు. పంచరుకి ఇవ్వరు, అరుగుదలకి అసలే ఇవ్వరు.

అరుగుదలకి కూడా పూచీ ఉన్న రోజులు మా సత్తెనపల్లి వైపు ఉండేవి. పత్తి, మిరప ఎడ్లబండ్ల మీద కదిలిన కాలం. కళ్లంలో జొన్నలు కొలిచేటప్పుడే వడ్రంగికీ కమ్మరికీ మేర, అంటే వాళ్ల వాటా గింజలు, తీసిపెట్టేవారు. చక్రం విరిగినా విరక్కపోయినా మేర మేరే. బదులుగా ఆకు ఊడినా, పూటీ చీలినా, ఎండలకి కర్ర ఎండి చక్రం చుట్టూ ఉన్న ఇనప పట్టా వదులైనా కబురు పెడితే చాలు. ఇనుము రైతుది, పని వాళ్లది. పట్టా ఎక్కించే రోజు పిల్లలం బడి ఎగ్గొట్టేవాళ్లం. పిడకల మంటలో ఎర్రగా కాలిన పట్టాని పట్కార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో దిగ్గొట్టి నీళ్లు గుమ్మరిస్తే బుస్సుమని పొగ లేచి, కర్ర కిర్రుమనేలా బిగుసుకునేది. చక్రం ఎంత గట్టిగా ఉంటే కమ్మరికి అంత తక్కువ చాకిరీ, మేరలో మాత్రం గింజ తగ్గదు. అందుకే నిక్కచ్చిగా చేసేవాడు. మన టైరు బాగుండాలని ఏ బీమా కంపెనీ వచ్చి గాలి చూస్తుంది?

ఇదే జవాబుగా రాసేవాణ్నే. ఎందుకో టైరు మీద అంకెలు పంపమన్నాను. 215/50 ఆర్ 17. నా పాత కారుది 165/80 ఆర్ 14. రెండో అంకె, వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. లెక్కేస్తే నాకు 132 మిల్లీమీటర్ల గోడ, వాడికి 107.5. వాడి ఉద్యోగమేమో పిడుగురాళ్లలో, రోజూ సున్నం లారీల వెనకాల ప్రయాణం. గుంత అంచు తగిలితే నా టైరు ఒంగి సర్దుకుంటుంది, వాడిది రిమ్ముకీ రాయికీ మధ్య నలుగుతుంది. లోపలి పోగులు తెగితే అక్కడ గాలి కాయలా ఉబ్బుతుంది. దానికి అతుకు వేయకూడదు, టైరు మార్చాల్సిందే.

ఉంచరా అన్నాను. చాలా పాలసీల్లో మిగిలిన ట్రెడ్‌ని బట్టే డబ్బు కడతారు కాబట్టి, టైర్లు సగం అరిగాక తీయించెయ్యమన్నాను. అలాయ్ రిమ్ము వంగితే ఇందులోనే ఇస్తారో, దానికి వేరే కవరు కొనాలో మాత్రం ఏజెంటు నోటిమాట నమ్మకుండా రాయించుకోమన్నాను.