ఆ నిమిషం ఎక్కడ రాసుంది?

రాజమహేంద్రవరంలో గానీ, అమలాపురంలో గానీ, భీమవరంలో గానీ మోటారు ప్రమాదాల పరిహారం పిటిషన్ (ఓపీ) కట్ట ఏది విప్పినా ముందు కనిపించేది ఎఫ్.ఐ.ఆర్. నకలు. అందులో ప్రమాద సమయం చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది: సాయంత్రం సుమారు ఏడు గంటల ప్రాంతంలో. డ్రైవరు ఫోన్ మాట్లాడుతూ గుద్దేశాడని ఊరంతా చెబుతున్నా, ఆ మాట కోర్టులో నిలబడకుండా పోయేది ఎక్కువసార్లు ఇక్కడే. ఫోన్ కంపెనీ లెక్క సెకన్లలో ఉంటుంది, పోలీసు కాగితం ‘సుమారు’ దగ్గర ఆగిపోతుంది. ఈ రెండూ కలవాలంటే ప్రమాదం జరిగిన నిమిషాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి.

ఆ నిమిషం చాలాసార్లు 108 దగ్గర దొరుకుతుంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సర్వీసుకు వచ్చే కాల్ సమయంతో సహా నమోదవుతుంది. మనిషి రోడ్డు మీద పడగానే చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఆ నంబరు నొక్కుతారు. ఆ కాల్ 7 గంటల 12 నిమిషాలకు వెళ్లిందంటే, గుద్దుకున్నది అంతకు కాస్త ముందే. ఇక పెట్రోలు బంకు కెమెరా, టోల్ గేటు కెమెరా, రొయ్యల చెరువు గట్టున దొంగల కోసం పెట్టుకున్న కెమెరా. వీటిలో కొద్ది రోజులకే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది. పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అనుకున్న కుటుంబానికి అక్కడ ఏమీ మిగలదు. దుఃఖంలో ఉన్నవాళ్లను ఆ పని మీద తిరగమనడం అన్యాయం. అది పోలీసులు మొదటి రోజే చేయాల్సిన పని.

నిమిషం తేలాక డ్రైవరు ఫోన్ కాల్ రికార్డుల వంతు. వాటిలో మాటలుండవు. ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడు మొదలైంది, ఎన్ని సెకన్లు నడిచింది, ఏ టవరు కింద నడిచింది, ఇంతే. ఆ కాగితం ఊరికే దాఖలు చేస్తే చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలైకి ముందు ఇదే పాత చట్టంలో 65-బి. వాట్సాప్ కాల్ అయితే ఆ పట్టికలో మామూలు కాల్‌లా కనిపించదు, డేటా వాడకం లెక్క విడిగా అడగాలి. అంతా దొరికినా ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు లేచి ఫోన్ పక్క సీటులో భార్య చేతిలో ఉంది అంటాడు, లేదా బ్లూటూత్‌లో మాట్లాడాడు అంటాడు. దారి చూసుకోవడానికి ఫోన్ వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి నిబంధనల్లోనే ఉంది, ధ్యాస చెదరకూడదన్న షరతుతో. అందుకే కాల్ రికార్డు ఒక్కటే కేసును గెలిపించదు. ఫోన్ డ్రైవరు చెవి దగ్గర చూశానని చెప్పే సాక్షి ఒక్కడున్నా దాని బరువే వేరు.

ఫోన్ లెక్క అవతలివైపూ పనిచేస్తుంది. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు, ముందున్న పలాస ప్యాసింజరును వెనక నుంచి ఢీకొంది. పద్నాలుగు మంది పోయారు. వెనక రైలు లోకో పైలట్, అతని అసిస్టెంటు ఫోన్‌లో క్రికెట్ చూస్తూ ఉన్నారని 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. ఆ రోజు లక్నోలో ఇండియా, ఇంగ్లండ్ ప్రపంచకప్ మ్యాచ్ జరుగుతున్న మాట నిజమే కాబట్టి అందరూ నమ్మేశారు. ఆ ఇద్దరూ ప్రమాదంలోనే చనిపోయారు, బదులు చెప్పుకోవడానికి లేరు. కొన్ని నెలల తర్వాత బయటికి వచ్చిన వివరాల్లో, ఆ వేళ వాళ్ల ఫోన్లలో డేటా వాడకమే లేదని తేలింది. సిగ్నళ్లు దాటడంలో తప్పు జరిగిందా అన్నది వేరే విచారణ. ఆ రెండు కుటుంబాలు మాత్రం చేయని తప్పుకు మాట పడ్డాయి.

ఫోన్ ఆధారం ఏమీ లేనప్పుడు రోడ్డే చెప్పాలి. 1977లో సుప్రీంకోర్టు తేల్చిన పుష్పాబాయి ఉదేశి కేసు ఈ విషయంలో ఇప్పటికీ చదవదగింది. నాగపూర్ నుంచి పాంఢుర్నా వెళుతున్న కారు రోడ్డుకు కుడివైపు చివరిదాకా వెళ్లి చెట్టును గుద్దింది. చూసినవాడు లేడు. కానీ చెట్టు నేల నుంచి తొమ్మిది అంగుళాల మేర పెకలి ఉంది, ఇంజను ఒక అడుగు వెనక్కి జరిగి ఉంది. డ్రైవరు ఎలా నడిపాడో చెప్పడానికి ఆ కొలతలు చాలన్నారు జడ్జీలు. అలా ఎందుకు జరిగిందో వివరించే భారం అవతలివాళ్ల మీద పడింది. కొలతలు రాసిపెట్టినవాడు లేకపోతే ఆ తీర్పు లేదు.

డెల్టా రోడ్ల మీద ఈ కొలతల అవసరం ఇంకా ఎక్కువ. కాలువ గట్టు మీద రోడ్డు ఇరుకు. కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు చీకట్లో ఆగి ఉంటుంది. ఇవి పంచనామాలో లేకపోతే తప్పు ఎవరిది ఎంతో చెప్పలేం, చనిపోయినవాడి మీదే సగం తోసేస్తారు. అద్దం పెంకులు రోడ్డుకు ఏ పక్కన రాలాయి, బ్రేకు చారలు ఎన్ని అడుగులు అన్నది రాయాలి. చారలే లేకపోతే, ఎదురుగా మనిషి ఉన్నా డ్రైవరు చూడలేదని అర్థం తీయవచ్చు. అయితే ఏబీఎస్ ఉన్న కార్లు ముదురు చారలు వదలవు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకోకూడదు. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు ఇక్కడ ఆదుకుంటుంది. యాంత్రిక లోపం లేదని ఆయన రాశాక బ్రేకులు ఫెయిలయ్యాయన్న వాదనకు పెద్దగా బలం ఉండదు.

క్రిమినల్ కేసు కొట్టేస్తే పరిహారం పోయిందని దిగులుపడేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. అలా లేదు. 1980లో ఎన్.కె.వి. బ్రదర్స్ కేసులో డ్రైవరు క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా పరిహారం ఇవ్వాల్సిందేనన్నారు జస్టిస్ కృష్ణయ్యర్. పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు సందేహాతీతమైన రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగిందో తేలితే చాలు.

2021లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,53,972 మంది చనిపోతే, ఫోన్ వాడకం ఖాతాలో కేంద్రం చూపించినవి 1,040. ఏ సెంటర్లో పది నిమిషాలు నిలబడ్డా స్టీరింగు మీద ఫోన్ పెట్టుకున్నవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఆ అంకె అంత చిన్నగా ఉందంటే ఫోన్ గురించి అడిగేవాళ్లే తక్కువన్నమాట. కారణం తెలియని చావుల్లో కొన్నైనా అతివేగం ఖాతాలోకి వెళుతూ ఉండవచ్చు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో దీన్ని గట్టిగా చెప్పింది. ఫోన్ కంపెనీలు కాల్ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలి. ఓపీ విచారణకు వచ్చేసరికి ఆ రెండేళ్లు దాటిపోవచ్చు. అందుకే కాల్ రికార్డులు తెప్పించమని కోరే పిటిషన్‌ను ఓపీతోపాటే, అదే రోజున వేయించాలి. వకీలు మరిచినా కుటుంబం గుర్తుచేయాలి, అందులో మొహమాటం అక్కర్లేదు.