ఎనిమిది వేలల్లో ఒకటి

పరమాణు నిర్మాణం పాఠం అనగానే థామ్సన్ నమూనా, దాని లోపాలు, రూథర్‌ఫర్డ్ నమూనా, దాని లోపాలు అన్న వరస గుర్తొస్తుంది. పరీక్షలకు పనికొచ్చే వరసే గానీ, విజ్ఞానమంటే ఒకరి తప్పును మరొకరు కొట్టేస్తూ పోవడమేనన్న అభిప్రాయం పిల్లల్లో మిగులుతుంది. నిజానికి కొట్టివేతకు గురైనవి బొమ్మలు. వాటి వెనకున్న కొలతలు అలాగే ఉన్నాయి. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, అప్పటికింకా విద్యార్థి అయిన మార్స్‌డెన్ చేసిన పని చూడండి. చీకటి గదిలో కళ్లు అలవాటు పడేదాకా ఆగి, జింకు సల్ఫైడు తెర మీద ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా పుట్టే మినుకును సూక్ష్మదర్శినిలో చూస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. ఎంత విసుగు పుట్టించే పనో ఊహించుకోవచ్చు. ప్లాటినం మీద పడ్డ కణాల్లో సుమారు 8,000కు ఒకటి వెనక్కి మళ్లింది. ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉందన్న థామ్సన్ ఊహే నిజమైతే, చిన్న చిన్న మళ్లింపులు ఎన్ని కూడినా ఆ ఒక్కటీ రావడం దాదాపు అసాధ్యం. అందుకే 1911లో రూథర్‌ఫర్డ్ ఆవేశాన్ని నడిమధ్య ఇరుకు చోటికి చేర్చాడు.

జపాన్‌కు చెందిన నాగవోకా 1904లోనే మధ్యలో బరువైన ఆవేశం, చుట్టూ ఎలక్ట్రాన్ల వలయం ఉంటాయన్నాడు కదా అని అడగొచ్చు. అన్నాడు, రూథర్‌ఫర్డ్ తన వ్యాసంలో ఆయన్ని ప్రస్తావించాడు కూడా. అయితే నాగవోకాకు దారి చూపింది శనిగ్రహ వలయాల గణితం. మరో దారి లేదని తేల్చే కొలత ఆయన దగ్గర లేదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోతూ కేంద్రకంలో పడిపోవాలని అప్పటి భౌతికశాస్త్రమే చెబుతుంటే, ఆ పరమాణువును నమ్మడమెలా? స్థిరత్వం సంగతి ప్రస్తుతానికి అక్కర్లేదని రూథర్‌ఫర్డ్ ఆ వ్యాసంలోనే పక్కన పెట్టేశాడు. మొండితనంలా కనిపించినా, నాకు అందులో పనితనం కనిపిస్తుంది. తన దగ్గరున్న లెక్క ఎంతవరకు చెబుతుందో అంతవరకే మాట్లాడాడు. కోణాన్ని బట్టి మెరుపులెలా తగ్గాలో ఆయన సూత్రం చెప్పింది, గైగర్, మార్స్‌డెన్ 1913లో మళ్లీ లెక్కపెట్టి సరిపోయిందన్నారు. వదిలేసిన చిక్కును అదే ఏడాది బోర్ అందుకున్నాడు. ఆయన గీసిన కక్ష్యలూ 1920లలో క్వాంటం యాంత్రికశాస్త్రం ముందు నిలవలేదు. కేంద్రకం నిలిచింది. పాత గతిశాస్త్రంతో రాబట్టిన ఆ సూత్రమే కొత్త శాస్త్రంలోనూ మార్పు లేకుండా వస్తుంది. ఇందులో రూథర్‌ఫర్డ్ అదృష్టమూ కొంత ఉంది. దూరపు వర్గాన్ని బట్టి తగ్గే బలం కాబట్టే రెండు లెక్కలూ కలిశాయి, వేరే బలమైతే అలా కలవాలని లేదు.